పెంపుడు పాముకు మలబద్ధకమా? రోజులు లెక్కపెడితే తేలేది కాదు

“పాము ఇరవై రోజుల నుంచి మలం వేయలేదు, ఏం చేయాలె?” హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో బాల్ పైథాన్‌నో కార్న్ స్నేక్‌నో పెంచుకునే కుర్రాళ్లు ఒకరినొకరు తరచూ అడుక్కునే ప్రశ్న ఇది. చలికాలం మొదలైందంటే మరీ ఎక్కువ. జవాబులు మాత్రం తలా ఒకటి. గోరువెచ్చని నీళ్లలో పెట్టమని ఒకరు, నోట్లో రెండు చుక్కల ఆముదం వేయమని మరొకరు, పొట్ట కిందికి నిమరమని ఇంకొకరు, అసలేమీ చేయొద్దు, అదే వేస్తుందని నాలుగోవారు చెబుతారు. వీటిలో రెండు సందర్భాన్ని బట్టి సరైనవే. మిగతా రెండు పాము ప్రాణం తీయగలవు. ఏది ఏదో తెలియాలంటే పాము ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూడాలి.

ఇక్కడ మాట్లాడేది ఏ పాముల గురించి

మన పొలాల్లో, అడవుల్లో ఉండే పాముల గురించి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు పాములను పట్టుకుని ఇంట్లో పెంచడం నేరం. మన కొండచిలువ ఆ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని బంధించి ఉంచితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులది వేరే లెక్క. 2022లో చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణ ఉన్న జాతులకు నాలుగో షెడ్యూల్ పెట్టారు. వాటిని పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో వివరాలిచ్చి నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. అమెరికా నుంచి వచ్చిన కార్న్ స్నేక్ ఆ అంతర్జాతీయ జాబితాలో లేదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే పెంపుడు పాములు ఈ రెండే కాబట్టి ఉదాహరణలన్నీ వీటి నుంచే.

మింగిన ఎలుక ఎటు పోతుంది

పాముకు పళ్లుంటాయి గానీ అవి పట్టుకోవడానికే, నమలడానికి కాదు. ఎలుకను బొచ్చుతో, గోళ్లతో, ఎముకలతో సహా మింగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం, ఎంజైములు మాంసాన్నే కాదు, ఎముకలను కూడా కరిగిస్తాయి. కరగకుండా మిగిలేది ముఖ్యంగా బొచ్చు. అది పేగుల గుండా జరిగి, పెద్దపేగు చివర నీటిని పోగొట్టుకుని గట్టిపడి, తోక మొదట్లో ఉండే అవస్కరం ద్వారా బయటికొస్తుంది. మలానికీ మూత్రానికీ గుడ్లకూ అదొక్కటే దారి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి, ఎందుకంటే ఆ చోట కనిపించే ప్రతి ఉబ్బూ మలమే కానక్కర్లేదు.

ఈ పనంతా వేడి మీద నడుస్తుంది. మన శరీరం తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పాము బయటి నుంచి తెచ్చుకోవాలి. వేడి తగ్గితే ఎంజైముల పని నెమ్మదిస్తుంది, పేగుల కదలికా నెమ్మదిస్తుంది. పైగా బర్మీస్ కొండచిలువల మీద స్టీఫెన్ సీకోర్, జారెడ్ డైమండ్ 1990లలో చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఈ పాములు ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు పేగులను కుదించుకుని దాదాపు విశ్రాంతిలో పెడతాయి. తిన్న ఒకటి రెండు రోజుల్లో చిన్నపేగు బరువు సుమారు రెట్టింపవుతుంది. ఒక్క భోజనం కోసం లోపల ఇంత ఏర్పాటు జరుగుతుంది. ఆ సమయంలో వేడి అందకపోతే పని సగంలో ఆగిపోతుంది.

మలంలో రెండు రంగులు

పాము వేసింది ఒకసారి దగ్గరగా చూడండి, జబ్బు కథ సగం అందులోనే ఉంటుంది. ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, బొచ్చు కలిసి, ముద్దగా ఉన్నది మలం. దాని పక్కనే తెల్లగానో లేత పసుపుగానో ఉండేది యూరేట్. పాము మనలా మూత్రాన్ని నీళ్లలా ఎక్కువగా పోయదు. నీటిని ఆదా చేయడానికి వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, ముద్దలా బయటికి పంపుతుంది. ఒక్కోసారి కొద్దిగా ద్రవం కూడా వస్తుంది.

ఒంట్లో నీరు సరిపడా ఉంటే యూరేట్ తడి సుద్దలా మెత్తగా, వేలితో నొక్కితే అణిగిపోయేలా ఉంటుంది. నీరు చాలకపోతే గట్టి గడ్డ కడుతుంది. గులకరాయంత గట్టిగా వచ్చిందంటే, లోపల ఇంకొకటి దారికి అడ్డుపడి ఉండే అవకాశం ఉంది. “మలబద్ధకం” అని మనం అనుకునే చాలా కేసుల్లో ఇరుక్కున్నది మలం కాదు, ఈ యూరేట్ గడ్డే. దాని వెనక చేరిన మలం రాలేకపోతుంది. అందుకే పెట్టె శుభ్రం చేసేటప్పుడు తుడిచిపారేసే ముందు ఒక ఫొటో తీసిపెట్టుకోవడం ఎంతో పనికొస్తుంది.

ఇరవై ఒక్క రోజులు, రెండు పాములు

రోజుల లెక్క ఎందుకు మోసం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక ఇంట్లో ఏడాదిన్నర వయసున్న కార్న్ స్నేక్ ఉందనుకుందాం. వారానికో చుంచెలుక తింటుంది. మామూలుగా తిన్న మూడు నుంచి ఏడు రోజుల్లో మలం వేస్తుంది. ఇప్పుడు ఇరవై ఒక్క రోజులైంది. అంటే మూడు భోజనాలు లోపలికి వెళ్లాయి, ఒక్కటీ బయటికి రాలేదు. అవస్కరానికి కాస్త పైన పొట్ట ఉబ్బి ఉంది. నాలుగో ఎలుకను ముట్టలేదు. ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

పక్కింట్లో పన్నెండు వందల గ్రాముల పెద్ద బాల్ పైథాన్ ఉంది. మూడు వారాలకోసారి ఎనభై గ్రాముల ఎలుకను తింటుంది. దానికీ ఇరవై ఒక్క రోజులైంది. లోపలికి వెళ్లింది ఒకే ఒక్క భోజనం. ఉబ్బు లేదు, రాత్రిపూట పెట్టెలో తిరుగుతోంది, నాలుక ఆడిస్తోంది. బాల్ పైథాన్లు రెండు మూడు భోజనాలకు కలిపి ఒకేసారి వేయడం మామూలే, చాలాసార్లు కుబుసం విడిచే రోజుల్లోనే వేస్తాయి. కాబట్టి ఇక్కడ జబ్బేమీ లేదు. ఈ పామును నీళ్లలో ముంచి, పొట్ట పిసికి లేని జబ్బుకు వైద్యం చేస్తే దానికి దక్కేది భయమొక్కటే.

బరువైన ఒళ్లున్న పాములు మలాన్ని కావాలనే నిలవ చేసుకుంటాయన్న వాదన కూడా శాస్త్రవేత్తల్లో ఉంది. హార్వే లిల్లీవైట్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో ఒక గబూన్ వైపర్ (ఆఫ్రికాలో ఉండే బరువైన విషసర్పం) 420 రోజులు మలం వేయకుండా ఉన్నట్టు నమోదైంది. మాటువేసి దెబ్బకొట్టే పాముకు ఒంటి వెనక భాగం బరువుగా ఉంటే నేల మీద నిలకడ దొరుకుతుందనీ, ఆ బరువు అందుకు పనికొస్తుందనీ వాళ్ల ఊహ. చెట్ల మీద తిరిగే సన్నని పాములు ఇందుకు విరుద్ధంగా త్వరత్వరగా ఖాళీ చేసుకుంటాయి. అయితే ఈ 420 రోజుల సంగతి పట్టుకుని ఏ పామైనా ఎన్నాళ్లైనా ఆగొచ్చని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. అది వేరే జాతి. కార్న్ స్నేక్‌కు ఆ లెక్క వర్తించదు.

ఇంకో చిన్న సంగతి. మగ బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తిండి మానేస్తాయి. తినని పాము వేయకపోవడం మలబద్ధకం కాదు. కాబట్టి రోజుల కన్నా భోజనాలు లెక్కపెట్టడం మేలు: మామూలుగా ఎన్ని భోజనాలకు ఒకసారి వేస్తుంది, ఇప్పుడు ఎన్నయ్యాయి?

మన వాతావరణంలో చిక్కు ఎక్కడొస్తుంది

బాల్ పైథాన్ పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీలు, రెండో పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు రెండు పక్కలా కొంచెం తక్కువైనా చాలు. అరిగించుకోవాలంటే వేడి పక్కకు, చల్లబడాలంటే రెండో పక్కకు పాము తనే జరుగుతుంది. ఎంచుకునే వీలు లేకపోతేనే చిక్కు.

వరంగల్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే చలి ఇంకా తీవ్రం. కాజీపేటలో ఒక ఇల్లు అనుకుందాం. పాముకు ఆదివారం సాయంత్రం ఎలుక పెట్టారు. రాత్రి కరెంటు పోయింది, లేదా చిన్నపిల్లలెవరో ఫోన్ ఛార్జింగ్ కోసం, పెట్టెకు వేడినిచ్చే కరెంటు పరుపు (హీట్ మ్యాట్) ప్లగ్ తీసేశారు. గది 20 డిగ్రీలకు పడిపోయింది. పెట్టెలోనూ అంతే. జీర్ణరసాల పని మందగించింది, ఎలుక మాత్రం లోపల కుళ్లడం మొదలుపెట్టింది. బుధవారం నాటికి పాము దాన్ని కక్కేసింది, దుర్వాసనతో. అదృష్టం బాగుండి కక్కకపోయినా, సగం అరిగిన ముద్ద పేగుల్లో ఆగి ఆగి కదులుతుంది. పెద్దపేగులో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత నీరు పీల్చుకుపోయి అంత గట్టిపడుతుంది. మలబద్ధకం చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది.

ఎండాకాలం సమస్య దీనికి తలకిందులు. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు స్లాబు కింది గదిలో వేడి 35 దాటితే పాముకు ప్రమాదమే, నీరు తగ్గిపోవడం అంతకన్నా ముందే మొదలవుతుంది. గాలి పొడిబారుతుంది, బాల్ పైథాన్‌కు కావలసిన 60 శాతం తేమ ఎక్కడా ఉండదు. తాగే నీళ్ల గిన్నె సాయంత్రానికి సగమవుతుంది. యూరేట్ గడ్డలు కట్టేది ఎక్కువగా అప్పుడే. ఎయిర్ కూలర్ పెట్టిన గదిలో తేమ పెరుగుతుంది, అది మంచిదే. కానీ కూలర్ గాలి నేరుగా పెట్టె మీద పడితే వేడి పక్క కూడా చల్లబడి, అటు చలికాలపు సమస్యే మళ్లీ వస్తుంది.

వేడి, నీరు కాక ఇంకా కారణాలున్నాయి. ఒంటి లావును మించిన ఎలుకను పెట్టడం, అరగకముందే మళ్లీ పెట్టడం, కదలడానికి చోటు లేని ఇరుకు డబ్బా, తిండితో పాటు కొబ్బరి పొట్టో చెక్క ముక్కలో మింగడం. పురుగులు, గడ్డలు, వాచిన మూత్రపిండాలు, ఆడపాముల్లో బయటికి రాని గుడ్లు కూడా దారిని నొక్కేస్తాయి. గుడ్ల సంగతి చాలామందికి తట్టదు. మగతోడు లేకున్నా ఆడపాము గుడ్లు పెట్టగలదు.

కక్కడం, పలచగా వేయడం వేరే కథలు

పాకాల, ఏటూరునాగారం వైపు పల్లెల్లో కొండచిలువ మేకపిల్లనో కోడినో మింగి కదలలేక పడి ఉందని జనం చేరడం మనకు తెలిసిందే. కర్రలతో కదిపితే అది మింగినదాన్ని కక్కేసి పారిపోవాలని చూస్తుంది. నిండు కడుపుతో పారిపోలేదు కాబట్టి బరువు దించుకుంటుంది. పెట్టెలోని పెంపుడు పాము కూడా అంతే. తిన్న రెండు రోజుల్లోపు చేతుల్లోకి తీసుకుని చుట్టాలకు చూపిస్తే కక్కుతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకను పైపైన కరిగించి, లోపల మంచు ఉండగానే పెట్టినా కక్కుతుంది. ఒకసారి కక్కితే గొంతు, జీర్ణాశయం ఆమ్లానికి దెబ్బతింటాయి. అందుకే పది, పద్నాలుగు రోజులు తిండి పెట్టకుండా ఆగి, ఆ తర్వాత చిన్న ఎలుకతో మొదలుపెడతారు. ఆకలేస్తుందేమోనన్న జాలితో మర్నాడే మళ్లీ పెట్టడం వల్ల పాములు చిక్కిపోతాయి.

పదే పదే కక్కుతూ, ఒంటి నడుమ భాగంలో గట్టి ఉబ్బు కనిపిస్తే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉందేమో పరీక్ష చేయించాలి. దానికి నమ్మదగిన మందు లేదు, ఇతర పాములకూ అంటుతుంది. మలం నీళ్లగా, రక్తంతో, భరించలేని కంపుతో వస్తే పురుగులో బాక్టీరియానో కారణం కావచ్చు. పాముల పేగుల్లో సాల్మొనెల్లా బాక్టీరియా పైకి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. గిన్నెలు కడిగే సింకులో పాము నీళ్ల గిన్నె కడగకపోవడం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, ఐదేళ్లలోపు పిల్లలను దూరంగా ఉంచడం ఇంట్లోవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన మాట.

వైద్యాల మీద వాదాలు

గోరువెచ్చని నీళ్ల స్నానం మీద పెంపకందారులు రెండుగా చీలిపోయారు. నీళ్లలో పెడితే పాము తాగుతుంది, కదులుతుంది, పేగులు కదులుతాయి, చాలాసార్లు ఆ నీళ్లలోనే వేస్తుంది అని ఒక వర్గం. పెట్టెలో వేడి, తేమ, పెద్ద నీళ్ల గిన్నె సరిగ్గా ఉంటే స్నానం అక్కర్లేదు, బలవంతంగా నీళ్లలో పెట్టడం పామును బెదరగొడుతుంది, బెదిరి వేసినదాన్ని మనం వైద్యం అనుకుంటున్నాం అని రెండో వర్గం. రెండింటిలోనూ నిజముంది. నీరు తగ్గి యూరేట్ గట్టిపడిన పాముకు ఒకటి రెండుసార్లు స్నానం మేలు చేస్తుంది. మూలకారణం చలి అయినప్పుడు మాత్రం రోజూ నానబెట్టినా లాభముండదు.

స్నానం అంటే ఎంత వేడి అన్నదే చాలామంది తప్పే చోటు. నీళ్లు 29 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి. మన చర్మం వేడి కూడా ఇంచుమించు అంతే కాబట్టి, ఆ నీళ్లలో చెయ్యి పెడితే వెచ్చగానూ ఉండవు, చల్లగానూ ఉండవు. చేతికి హాయిగా వెచ్చగా తగిలాయంటే పాముకు అవి ఎక్కువే. లోతు పాము ఒంటి ఎత్తులో సగం వరకే, తల పైకి పెట్టుకునే వీలుండాలి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, మనిషి పక్కనే ఉండాలి.

ఆముదం, నెయ్యి, పారాఫిన్ నూనె నోట్లో పోయడం మన పల్లెటూరి వైద్యం నుంచి వచ్చిన ఆలోచన. పశువుకు కడుపుబ్బితే వెదురు గొట్టంతో నూనె తాగించడం మనకు అలవాటే. పాము నోరు అలాంటిది కాదు. ఊపిరి గొట్టం నోటి అడుగునే, ముందుకు తెరుచుకుని ఉంటుంది. పోసిన నూనె అటు జారితే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఎక్కువ పాముల్లో పనిచేసేది ఒకే ఒక్క ఊపిరితిత్తి. నూనె చేరి న్యుమోనియా వస్తే ఇక కాపాడటం కష్టం. నూనె వాడాల్సి వస్తే సన్నని గొట్టంతో జీర్ణాశయంలోకో, కింది నుంచో డాక్టరే వేస్తారు.

పొట్ట నిమరడం చూడటానికి సున్నితంగా కనిపిస్తుంది. పామును చేతుల మీదుగా దానంతట అది పాకనివ్వడంలో తప్పులేదు, ఆ కదలిక పేగులకు మంచిదే. గట్టి ఉబ్బు మీద వేళ్లతో నొక్కి కిందికి తోయడమే ప్రమాదం. లోపలున్నది రాయిలాంటి యూరేట్ అయితే పేగు చిరుగుతుంది, గుడ్డయితే పగులుతుంది. అది మలమేనని బయటి నుంచి చెప్పడం ఎక్స్‌రే లేకుండా అనుభవమున్న డాక్టర్లకే కష్టం.

పీచు కోసం గుమ్మడికాయ గుజ్జు పెట్టమనే సలహా కుక్కల పెంపకం నుంచి వచ్చి ఉంటుంది. పాము పూర్తి మాంసాహారి, కూరగాయను అరిగించుకునే ఏర్పాటు దానికి లేదు. పాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రావణంలో నాగుల పంచమికీ, కార్తీకంలో నాగుల చవితికీ పుట్టలో పాలు పోయడం భక్తికి సంబంధించిన విషయం, దాని జోలికి నేను పోవడం లేదు. పాము శరీరానికి మాత్రం పాలు ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టిన పాము దాహానికి ఏ ద్రవాన్నైనా తాగుతుంది, పాలు తాగినట్టు కనిపించేది అప్పుడే. ఆ తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి.

ఏమీ చేయకుండా ఆగడం అన్న నాలుగో సలహాకు ఒక షరతు ఉంది. వేడి, నీరు సరిచేసి, తిండి ఆపి ఆగితే అది వైద్యమే. లోపల దారి మూసుకుపోయి ఉండగా అదే వేస్తుందిలే అని వారం వారం ఎలుకలు పెడుతూ పోతే అది నిర్లక్ష్యం.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది

ఉబ్బు రోజురోజుకూ గట్టిపడుతున్నా, తోక ఎత్తి ముక్కుతున్నా రాకపోయినా, మందకొడిగా పడి ఉన్నా ఇంటి వైద్యం ఆపాలి. అవస్కరం నుంచి ఎర్రటి కండ బయటికి జారితే అది కొన్ని గంటల్లో చూపించాల్సిన కేసు. ఆ కండ ఎండిపోకుండా శుభ్రమైన తడి గుడ్డ కప్పి తీసుకెళ్లడమే ఇంట్లో చేయగలిగింది, వేలితో లోపలికి నెట్టకూడదు.

ఊళ్లోని పశువుల దవాఖానల్లో గేదెలు, మేకలు, కోళ్లు చూసినంతగా పాములను చూసిన అనుభవం అందరికీ ఉండదు. వరంగల్ పక్కన మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. అక్కడో, మరో పెద్ద ఆసుపత్రిలోనో పాముల కేసు చూస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కుంటే దారిఖర్చు, సమయం మిగులుతాయి.

డాక్టర్ ముందు చేత్తో తడిమి, ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో తీసి ఇరుక్కున్నది మలమా, యూరేటా, గుడ్డా, గడ్డా అని తేలుస్తారు. మలం లేదా యూరేట్ అయితే నీరు ఎక్కించి, కింది నుంచి గోరువెచ్చని సెలైన్‌తో ఎనిమా ఇస్తారు. ఒక్కసారికే తేలకపోవచ్చు, గట్టి గడ్డ మెత్తబడటానికి రోజులు పడుతుంది. పేగు కదలికను పెంచే మందుల మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. దారి మూసుకుని ఉన్నప్పుడు పేగును బలవంతంగా కదిపితే చిరగొచ్చని కొందరు వాటి జోలికి పోరు. ఏదీ పనిచేయకపోతే ఆపరేషన్.

వెళ్లేటప్పుడు నాలుగు వివరాలు చేతిలో ఉంటే డాక్టర్ పని సగం తగ్గుతుంది: చివరిసారి తిన్నదెప్పుడు, ఎంత బరువు ఎలుక, చివరిసారి వేసినప్పటి ఫొటో, పెట్టెలో రెండు పక్కలా పగలూ రాత్రీ ఉన్న వేడి. పామును గాలి ఆడే గుడ్డ సంచిలో వేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్తారు. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి డబ్బాలో ఒక పక్కన పెడతారు.

లోపలిది బయటికొచ్చాక వెంటనే పెద్ద ఎలుకను పెట్టరు. సాగిపోయిన పేగు తిరిగి పట్టు తెచ్చుకోవడానికి వారం, పది రోజులు వదిలి, మామూలు ఎలుకలో సగం బరువున్నదాన్ని పెడతారు. అది అరిగి, మలం వేసి, యూరేట్ మెత్తగా కనిపించాకే రెండో భోజనం.